ఉభయకుశలోపరి

ఫారో దీవుల్లో అక్టోబరు.
కొండ ఎక్కడ ఆగిందో, మబ్బు ఎక్కడ మొదలైందో
గొర్రెలకు తప్ప ఎవరికీ తెలీదు.
సముద్రపు పాయ ఒడ్డున రేకుల షెడ్డు,
లోపల పద్నాలుగు తొట్లు,
చిటికెనవేలంత సాల్మన్ పిల్లలు
నీటికి ఎదురీదుతూ, ఎటూ వెళ్లకుండా.

గోడమీది పెట్టెలో కంట్రోలరు.
దానికి వచ్చిన అక్షరాలు రెండే:
సున్నా, ఒకటి.
దానికి ఉత్తరం రాయడం నేర్పమని
నన్ను పిలిపించారు.

ఇన్నాళ్లూ ఆ పని సామల్‌ది.
ముప్పై ఒక్క ఏళ్ల రాత్రి కాపలా.
నీళ్లలో ఊపిరి తగ్గితే
మీటరు కంటే ముందు అతని చెవికి తెలిసేదట,
చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచే చప్పుడు.
మోకాళ్లు అరిగాయి. ఈ శుక్రవారంతో సెలవు.
స్టూలు మీద కూచుని నా లాప్‌టాప్‌లోకి తొంగిచూస్తున్నాడు
పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో అన్నట్టు.

మెయిల్ సర్వరు చిరునామా. పోర్టు ఐదువందల ఎనభై ఏడు.
యూజరు పేరు, పాస్‌వర్డు.
పంపాను. పోలేదు.
మళ్లీ పంపాను. పోలేదు.
గంటన్నర తరవాత దొరికింది:
లోపలి గడియారం
పందొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి దగ్గరే ఉంది.
సర్వరు చూపిన సర్టిఫికెట్
ఇంకా పుట్టనేలేదని కంట్రోలరు మొండికేసింది.
"నాకప్పుడు పాలపళ్లు," అన్నాడు సామల్,
"పాపం, దాన్ని ఇటు తీసుకురా."
తెచ్చాను, ఒక్క క్లిక్కుతో.
అతనికి మాత్రం ఒక్కో చలికాలమే దాటాల్సి వచ్చింది.

ఇక మాటలు.
అరవై నాలుగు అక్షరాలు మించకూడదు.
మా భాషలో ఒక అక్షరం ఉంది, రాస్తాం, పలకం.
దాన్ని ఈ పెట్టె
ప్రశ్నగుర్తు చేసి పంపుతోంది.
"ఏమని రాయను?
అలారం నాలుగు, ఆక్సిజన్ తక్కువ, చాలా?"
సామల్ చాలాసేపు తొట్లవైపు చూశాడు.
"రాయి, రాకుల్:
ఏడో తొట్టి. ఊపిరి లేదు. బూట్లు వేసుకో.
నిద్రలోంచి లేచినవాడికి
ముందు బూట్లు గుర్తుచేయాలి."

ప్రోబును జీరో ద్రావణంలో ముంచాను.
అతని జేబులో ఫోను కీచుమంది.
మళ్లీ కీచుమంది. మళ్లీ.
ఒకటి ఒకటిగా ఉన్నంతసేపూ
చెబుతూనే ఉండాలనుకుంది ఆ పిచ్చిది.
కాఫీ తాగొచ్చేసరికి నాలుగువందల పన్నెండు సార్లు
బూట్లు వేసుకో.
"అచ్చం మా అత్తగారు," అన్నాడు సామల్.
అంచు పట్టుకోవడం నేర్పాను:
సున్నా ఒకటయ్యే ఆ క్షణాన మాట్లాడు,
ఆ తరవాత ఊరుకో.

తీగలు చుట్టి, కోటు వేసుకుంటుంటే అడిగాడు:
"మరి ఇదే చచ్చిపోతే ఎవరు రాస్తారు?"

నేను జవాబు వెతుక్కున్నాను.
కరెంటు పోయినా, కేబులు ఎలుక కొరికినా,
అంతా బాగున్నా
పెట్టె ఒకేలా ఊరుకుంటుంది.
రెండు మౌనాలకూ ఒకటే ముఖం.

"తెల్లారి ఆరింటికి
నేనిక్కడ కిటికీ దీపం వేసేవాణ్ణి.
పాయ అవతల మేనేజరు తూరీ చూసేది.
దీపం కనబడిందంటే
చేపలూ బతికున్నాయి, నేనూ బతికున్నాను.
కనబడని రోజు ఒక్కటే వచ్చింది. పడవేసుకుని వచ్చేసింది.
నాకు జ్వరం, అంతే."

కోటు విప్పి మళ్లీ కూచున్నాను.
రోజూ ఆరింటికి,
ఏమీ జరగకపోయినా ఒక ఉత్తరం.
అది రాని రోజు తూరీ పడవ తీస్తుంది.

శనివారం ఆరు గంటలు, చీకటి, వాన.
నా ఫోను వెలిగింది:
పద్నాలుగు తొట్లు. అంతా క్షేమం.

ఏడు నిమిషాల తరవాత ఇంకొకటి.
సామల్ దానికి జవాబు రాశాడు.
ఆ పెట్టెకు ఉత్తరాలు అందుకోవడం రాదు,
నేను నేర్పలేదు.
అందరికీ అని నొక్కాడు గనక
నాకూ ఒక ప్రతి వచ్చింది:

ఇక్కడా క్షేమం.
ఎడమ మోకాలు కాస్త సలుపుతోంది.
నిద్ర పట్టలేదు, అలవాటు లేక.
పదో తొట్టి వాల్వు కొంచెం బిగువు,
చూసుకో.